గొట్టం కొలతలో గుట్టు : పాత సైనిక రైఫిళ్ళ కథ

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

కాలేజీ సంచికలో తుపాకుల మీద వ్యాసమేమిటి అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మనం లాబొరేటరీలో విడివిడిగా చదివే పీడనం, వేగం, భ్రమణం, గురుత్వాకర్షణ, వీటితో పాటు కాస్త రసాయన శాస్త్రం, అన్నీ ఒక్కచోట చేరి పనిచేసే యంత్రం రైఫిలు. అంతేకాదు, ఒక ప్రభుత్వం తన ప్రజలను ఎంతవరకు నమ్మిందో తెలుసుకోవాలంటే, వాళ్ళ చేతికి ఎటువంటి తుపాకి ఇచ్చిందో చూస్తే చాలు. అందుకే అనేక దేశాలలో పాత సైనిక రైఫిళ్ళను సేకరించి, శుభ్రం చేసి, గురికి కాల్చి చూసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ముచ్చటపడేవాటిలో స్విట్జర్లాండు రైఫిళ్ళు ముఖ్యమైనవి. మనకు తెలిసిన పాత రైఫిలు మాత్రం పోలీసు స్టేషను దగ్గర సెంట్రీ భుజాన ఏళ్ళ తరబడి వేలాడిన త్రీ-నాట్-త్రీ. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రైఫిలు అంటే ఏమిటి?

మెట్ట చేలల్లో పందులను బెదరగొట్టే నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. మూతివైపు నుంచి మందు పోసి, పీచు కూరి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టిస్తారు. గుండు వేసి కాల్చినా అది గొట్టం గోడలకు అటూ ఇటూ తగులుతూ బయటపడుతుంది. చివరిసారి ఏ పక్క తగిలిందో దాన్నిబట్టి దారి తప్పుతుంది. దూరం పెరిగితే ఇక గురి దేవుడి దయ.

రైఫిలు గొట్టం లోపల మరచుట్లలాగా మెలితిరిగిన గాడులుంటాయి. గుండు వాటిలో ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడేది ఎందుకో, తిరిగే గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా ముక్కుసూటిగా పోయేది కూడా అందుకే.

లెక్క చూడండి. త్రీ-నాట్-త్రీ అంటే గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం, సుమారు 7.7 మిల్లీమీటర్లు. 1910లో వచ్చిన మొనదేరిన గుండు బరువు 11.3 గ్రాములు, మూతి దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. గాడులు ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. అంటే గుండు సెకనుకు సుమారు 2,900 చుట్ల చొప్పున తిరుగుతోందన్నమాట! దాని గతిజ శక్తి 3,100 జౌళ్ళకు కొంచెం పైన. 75 కిలోల ధాన్యం బస్తాను 4 మీటర్ల ఎత్తుకు లేపగల శక్తి అది. ఇంత చేసినా 300 మీటర్లు పోయేసరికి భూమి ఆ గుండును సుమారు ఒక మీటరు కిందికి లాగేస్తుంది. రైఫిలు మీద దూరాల అంకెలతో పైకీ కిందికీ జరిగే గురిపట్టీ ఉండేది ఈ తేడాను సరిచెయ్యటానికే.

నాలుగు కదలికలు, రెండు కదలికలు

త్రీ-నాట్-త్రీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డు. ఒక తూటా పేల్చాక దాని బోల్టు పిడిని పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తొయ్యాలి, కిందికి దించాలి. మొత్తం నాలుగు కదలికలు. వెనక్కి లాగేటప్పుడు ఖాళీ ఇత్తడి గుల్ల బయటపడుతుంది. ముందుకు తోసేటప్పుడు మ్యాగజీనులోని కొత్త తూటా గొట్టంలోకి పోతుంది. పిడి దించగానే బోల్టు తలుపు గడియలా బిగుసుకుంటుంది. మ్యాగజీనులో 10 తూటాలు పడతాయి. బాగా తర్ఫీదైన బ్రిటిషు సైనికుడు నిమిషానికి 15 గుళ్ళు గురిచూసి కాల్చాలని నియమం ఉండేది.

స్విస్ వారు ఇందులో రెండు కదలికలు తగ్గించారు. 1869 నాటి వెటర్లీ రైఫిలుతోనే, సైన్యం మొత్తానికి వరుసగా కాల్చే రైఫిలు ఇచ్చిన మొదటి దేశాలలో స్విట్జర్లాండు చేరింది. తరువాత రుడాల్ఫ్ ష్మిట్ రైఫిలును, ఎడ్వర్డ్ రూబిన్ తూటాను రూపొందించారు. రెండూ కలిసి 1889లో కొత్త రైఫిలు వచ్చింది. దీని పిడిని పైకెత్తనక్కరలేదు. సూటిగా వెనక్కి లాగి సూటిగా తోస్తే చాలు. లోపలి కిటుకు ఇది: పిడికి కలిసిన కడ్డీ మీద ఒక మొన, బోల్టు తొడుగు మీద మెలితిరిగిన గాడి ఉంటాయి. కడ్డీ సూటిగా కదిలితే మొన గాడివెంట పోతూ తొడుగును తనంతట తానే తిప్పి గడియ విప్పుతుంది. సరళ చలనాన్ని భ్రమణంగా మార్చటమంటే ఇదే.

ఈ వరసలో అందరూ మెచ్చుకునేది 1931 నమూనా. 'కే-31' అంటారు. 1958 వరకు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ సొగసుకు కొంత ఖరీదు కూడా ఉంది. సూటిగా లాగే బోల్టుకు శుభ్రమైన తుపాకి, కొలత తప్పని తూటా కావాలి. లీ-ఎన్‌ఫీల్డు బురదలో పొర్లినా పనిచేసే మొండిఘటం. మన దేశపు దుమ్ముకీ వానకీ అదే తగినది.

ఒక తరం వెనక

ఇక చరిత్రలోకి వద్దాం. 1857లో సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను నిరాకరించిన సంగతి హైస్కూల్లోనే చదువుకున్నాం. ఆ తూటాలు ఎన్‌ఫీల్డు రైఫిలువి. తిరుగుబాటు అణిగాక ఆంగ్లేయులు చేసిన పని మాత్రం పాఠాల్లో అంతగా కనపడదు. పైకి చూస్తే అదే ఎన్‌ఫీల్డు, కాని లోపల గాడులు లేని నున్నటి గొట్టంతో తయారుచేయించి సిపాయిల చేతికిచ్చారు. తెల్ల సైనికుడికి రైఫిలు, నల్ల సైనికుడికి వట్టి తుపాకి!

అటు తరువాత కూడా ఒక తరం తేడా పాటించారు. తెల్లవారికి మార్టినీ-హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్ళకు పాత స్నైడరు. వాళ్ళకు మ్యాగజీను రైఫిలు వచ్చాక మనవాళ్ళకు మార్టినీ. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకి పట్టాలంటే లైసెన్సు ఉండాలి, యూరోపియనుకు అక్కరలేదు. 1914లో జర్మనీతో యుద్ధం వచ్చి భారత దళాలు ఫ్రాన్సులో దిగవలసి వచ్చేసరికి, మార్సే రేవులోనే కొత్త రైఫిళ్ళు చేతికిచ్చారు. అవసరం తమదైనప్పుడు అనుమానం పక్కకు తప్పుకుంది.

మన్యంలో 26 తుపాకులు

ఈ లెక్కలన్నీ మన గడప దాకా వచ్చిన ఘట్టం ఒకటుంది. మన కొవ్వూరు రేవు నుంచి గోదావరికి ఎదురెక్కి వెళితే తగిలే మన్యం, దానికి తూర్పున రంప కొండలు, ఆపైన చింతపల్లి అడవులు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాము గంటందొర, మల్లుదొర మొదలైనవారు తమ అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! డబ్బుకోసం కాదు, తుపాకులకోసం. తీసుకున్నవాటి వివరం స్టేషనులోనే రాసిపెట్టి మరీ వెళ్ళారు. ఈ దాడులలో చేజిక్కినవి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డు, హైటరు అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు వీరి చేతిలో మరణించారు. విల్లంబులతో బయల్దేరిన కొండవాళ్ళు రైఫిలును ఎంత త్వరగా అలవరచుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న భాగహారం చెయ్యండి. 2,500ని 26తో భాగిస్తే తుపాకికి 96 తూటాలు. నిమిషానికి 15 చొప్పున సైనికుడి వేగంతో కాలిస్తే అవి ఆరున్నర నిమిషాలకు అయిపోతాయి. ఆ పెట్టుబడితో వాళ్ళు 1924 మే దాకా, అంటే 20 నెలలకు పైగా, మలబారు నుంచి తెచ్చిన ప్రత్యేక పోలీసులకూ, చివరికి అస్సాం రైఫిల్సుకూ ఎదురు నిలిచారు! విల్లంబులను వాళ్ళు ఎందుకు వదిలిపెట్టలేదో ఇప్పుడు అర్థమవుతుంది. బాణం అడవిలో తయారవుతుంది. తూటా తయారు కాదు. దానికి ఇత్తడి గుల్ల, అడుగున పేలుడు టోపీ, పొగరాని మందు, కొలత తప్పని గుండు, ఇన్ని కావాలి. ఇవన్నీ ప్రభుత్వం కార్ఖానాలో మాత్రమే దొరికేవి. తుపాకిని లాక్కోవచ్చు గాని తూటాల కార్ఖానాను లాక్కోలేము. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చిచంపారు.

గొట్టం మార్చిన కిటుకు

తూటాలోనే కీలకం ఉందని ప్రభుత్వానికి కూడా బాగా తెలుసు. బెంగాలులోని ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో మంచి లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్ళనే తీసుకుని, గొట్టం లోపలి గాడులు తీసేసి .410 అంగుళానికి పెద్దది చేశారు. మ్యాగజీను గూటిలో కర్రదిమ్మ బిగించారు. ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పడుతుంది. ఇవి పోలీసులకు, కాపలాదారులకు ఇచ్చిన మస్కెట్లు. ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యం తూటా దీనిలో పనిచెయ్యదు, దీని తూటా ఇంకెక్కడా దొరకదు. ఇంత కష్టపడి మంచి వస్తువును చెడగొట్టటం లోకంలో అరుదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ కొలతల పద్ధతి పోలేదు. సైన్యం వాడిన .303 పౌరులకు నిషిద్ధం. లైసెన్సుదారుకు దొరికేది అదే లీ-ఎన్‌ఫీల్డు యంత్రంతో చేసిన .315 రైఫిలు. సైన్యం తూటా ఇందులోనూ పట్టదు. 1959 ఆయుధ చట్టంలో రైతుకు పంట కాపుదల కోసం మూతినుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలుంది.

స్విస్ వారి ఇంట్లో రైఫిలు

స్విట్జర్లాండులో దీనికి పూర్తిగా ఎదురు నడిచింది. అక్కడ రైతూ గుమాస్తా పంతులూ అందరూ కొంతకాలం సైనికులే. ప్రభుత్వం ఇచ్చిన రైఫిలును ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. సర్వీసు ముగిశాక సొంతం చేసుకునే ఆచారం కూడా ఉంది. ఏటా 300 మీటర్ల దూరంలో గురికి కాల్చే జాతీయ పోటీకి లక్షమందికి పైగా వస్తారు. పాత కే-31తో ఇప్పటికీ అందులో పాల్గొంటారు. ఈ రైఫిలు మడమ చివర ఉండే ఇనుపరేకు మరలు విప్పితే, దాన్ని వాడిన సైనికుడి పేరూ ఊరూ రాసిన చీటీ ఒక్కొక్కప్పుడు దొరుకుతుంది. సేకరించేవాళ్ళకు రైఫిలుకన్నా ఆ చీటీయే అపురూపం.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. ఇంట్లో ఉన్న తుపాకి ఆత్మహత్యలకు సాధనమవుతోందన్న ఆందోళన అక్కడా లేచింది. సీలువేసి ఇళ్ళలో ఉంచిన తూటాలను 2007 తరువాత ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. రైఫిళ్ళు కూడా ఆయుధాగారాలలోనే ఉంచాలన్న ప్రతిపాదన 2011 ఫిబ్రవరి 13న ప్రజల ఓటుకు వచ్చి వీగిపోయింది. మనం గమనించవలసింది ఏమంటే, ఇల్లా ఆయుధాగారమా అన్నది అక్కడ ప్రజలే ఓటేసి తేల్చుకున్నారు. 1878లో మనల్ని ఎవరూ అడగలేదు.

మన పని ఏమిటి?

మన దేశంలో ఇష్టమొచ్చినట్లు రైఫిళ్ళు కొని దాచుకోవటం కుదరదు, కుదరాలని నేను కోరను కూడా. 2019 సవరణ తరువాత లైసెన్సు మీద రెండు తుపాకులే ఉంచుకోవచ్చు. కాల్చటం నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఎన్.సి.సి.లో .22 రైఫిలు ఉంది. ఊపిరి బిగబట్టి మీట నొక్కటంలో ఎంత ఏకాగ్రత కావాలో అక్కడే తెలుస్తుంది. 2012 లండన్ ఒలింపిక్సులో మన హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చింది గాలితో పనిచేసే ఎయిర్ రైఫిలుతో.

చూసి చదువుకోవటానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు. లీ-ఎన్‌ఫీల్డు బోల్టు పిడి కింద, మెడపట్టీ మీద చూడండి. కిరీటం, దాని కింద జీ.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఇషాపూర్ పేరు, తయారైన సంవత్సరం ఉంటే అది జార్జి చక్రవర్తి కాలంలో మన దేశంలోనే పుట్టినది. కిరీటం బదులు అశోకుడి సింహాలుంటే స్వతంత్ర భారతంలో పుట్టినది. ఒక్క అంగుళం ఇనుము మీద రాజ్యం మారిన సంగతి రాసి ఉంటుంది.

త్రీ-నాట్-త్రీ రోజులు తీరిపోతున్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దానికి వీడ్కోలు చెప్పారు. వాడుక తప్పిన తుపాకులను ధ్వంసం చెయ్యటం మామూలు రివాజు. చేయవలసిందే, పాత ఇనుము కూడా చెడ్డ చేతుల్లో పడకూడదు. కాని ఒక్కొక్క జిల్లాకు ఒక్క రైఫిలు, ఒక్క .410 మస్కెట్టు అయినా పేలకుండా చేసి, అది ఏ స్టేషనులో ఏ సంవత్సరం నుంచి ఉందో రిజిస్టరు వివరంతో సహా మ్యూజియంలో పెడితే బాగుంటుంది. పేలని తుపాకిని, చరిత్ర విలువ గలదాన్ని ఉంచుకోవటానికి చట్టం కూడా అడ్డు చెప్పదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో నవాబుల ఆయుధాలు అందంగా అమర్చి ఉన్నాయి. సెంట్రీ కానిస్టేబులు మోసిన తుపాకికి, కొండదొర లాక్కున్న తుపాకికి కూడా అటువంటి చోటు ఉండాలి. కర్రదిమ్మ బిగించిన ఆ మస్కెట్టును ఒక్కసారి చేతితో తాకి చూస్తే, పరాయి పాలన అంటే ఏమిటో మన తమ్ముళ్ళకు పది పేజీల పాఠం అక్కరలేకుండానే తెలుస్తుంది.