సరుకు వేళకు సరే, డబ్బో?

మన ఇళ్ళలో సరుకులు రెండు రకాలు. ఆవకాయ ఏడాదికొకసారి పెట్టి జాడీకి వాసెన కడతాం. పాలు, కొత్తిమీర ఏ రోజువి ఆ రోజే తెచ్చుకుంటాం. ఏది నిల్వ ఉంచాలో, ఏది ఉంచకూడదో తెలిసినవాళ్ళ సంసారం సాఫీగా సాగుతుంది. ఫ్యాక్టరీ కూడా పెద్ద సంసారమే. ఈ సంగతి నాకు బి.కాం. చదివినప్పుడు తెలియలేదు, బర్గూరులో తెలిసింది.

2014లో నాకు బర్గూరు బ్రాంచికి బదిలీ అయింది. కృష్ణగిరి నుంచి వాణియంబాడి వెళ్ళే దారిలో ఉన్న ఊరు. బట్టల అంగళ్ళకు పేరు, పక్కనే సిప్కాట్ పారిశ్రామికవాడ. అంగట్లో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఇంటాయనే ఒకరు చిన్న షెడ్డులో పదకొండు మందితో వాహనాలకు ఇనుప విడిభాగాలు చేసేవారు. మా బ్యాంకులో ఆయనకు క్యాష్ క్రెడిట్ ఖాతా ఉండేది.

మొదటిసారి స్టాకు తనిఖీకి వెళ్ళేసరికి గోడౌను బోసిగా ఉంది. నా గుండె గుభేలుమంది. మా బ్యాంకువాళ్ళకు సరుకే హామీ. ఏ పరిశ్రమ ఎన్నాళ్ళకు సరిపడా నిల్వ ఉంచుకోవచ్చో 1975లో టాండన్ కమిటీ చెప్పిన లెక్కలు చదువుకుని వచ్చినవాణ్ణి నేను.

“సరుకేదన్నా?” అన్నాను.

“లారీలో ఉంది సార్. పొద్దున చేసింది రాత్రికి హోసూరు దాటాల. జస్ట్ ఇన్ టైం అంటారు వాళ్ళు. ముందుగా పోతే దించుకోరు, ఆలస్యమైతే జరిమానా” అన్నారాయన నవ్వుతూ.

ఈ పద్ధతి జపానులో టయోటా కంపెనీ పెంచి పోషించినది. దానికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు తాయిచి ఓనో. 1956లో ఆయన అమెరికా వెళ్ళినప్పుడు కార్ల ఫ్యాక్టరీలతోపాటు సూపర్‌మార్కెట్లను శ్రద్ధగా చూశారు. కొనేవాడు తీసుకున్నంతే బల్లమీద మళ్ళీ సర్దుతారు. ఫ్యాక్టరీలోనూ అంతే. భాగాలు వాడగానే ‘కాన్‌బాన్’ అనే చీటీ వెనక్కి వెళుతుంది. చీటీ వస్తేనే తర్వాతి సరుకు చేస్తారు. నిల్వ ఉండదు కనుక ఒక్క భాగం చెడినా లైను ఆగిపోతుంది. అందుకే ఈ పద్ధతికి నాణ్యత ప్రాణం. మన హోసూరు టీవీఎస్ మోటార్ కంపెనీకి 2002లో జపానువారి డెమింగ్ బహుమతి వచ్చింది నాణ్యతను సాధించినందుకే.

లెక్క చూడండి. కోటి రూపాయల సరుకు మూలన పడి ఉంటే, 12 శాతం వడ్డీకి ఏడాదికి 12 లక్షలు బూడిదలో పోసినట్టే. ఆ నిల్వ తగ్గించుకున్న కంపెనీకి లాభం. మరి ఆ భారం నిజంగా మాయమైందా? మా బర్గూరు అన్న ఉక్కు రేకులకు ముందే డబ్బు కట్టాలి. లారీ ఆలస్యమవుతుందన్న భయంతో కంపెనీ దగ్గర్లో అద్దె గది తీసుకుని, రెండు రోజుల సరుకు తన ఖర్చుతో ఉంచేవారు. అంటే కంపెనీ నెత్తిమీది బుట్ట ఈయన నెత్తికి మారింది, అంతే.

2016 సెప్టెంబరు 12న కావేరి గొడవల్లో బెంగళూరులో తమిళనాడు బండ్లు తగలబడ్డాయి. సరిహద్దు దగ్గర లారీలు నిలిచిపోయాయి. ఆయన సరుకు వెళ్ళవలసింది బెంగళూరు అవతలికి. రోజుల తరబడి కదల్లేదు. ఆ మీదట కొనే కంపెనీ బిల్లు డబ్బు ఇవ్వడానికి 45 రోజులు కాస్తా నాలుగు నెలలకు జరిపింది. 90 రోజులు దాటిన బాకీలను మేము అప్పుకు లెక్కలోకి తీసుకోం. రూలు ప్రకారం ఆయన వాడుకోగల మొత్తం తగ్గించి సంతకం పెట్టాను. ఆ నెల కూలీలకు ఇవ్వడానికి వదినగారి గాజులు తాకట్టుకు వెళ్ళాయని నాకు తర్వాత తెలిసింది. నేను తప్పు చేయలేదు. కానీ ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

“చట్టం ఉందన్నా, ఫిర్యాదు చెయ్యండి” అన్నాను. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. “ఫిర్యాదు చేస్తే డబ్బొస్తుంది సార్, మళ్ళీ ఆర్డరు రాదు” అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

టయోటాకూ ఇలాంటి కష్టమొచ్చింది. 1997 ఫిబ్రవరి 1న, ఆ కంపెనీకి బ్రేకుల వాల్వులు చేసే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా లైన్లు ఆగిపోయాయి. అప్పుడు చిన్నా పెద్దా కంపెనీలు, కుట్టుమిషన్లు చేసే బ్రదర్ వారితో సహా, తలా ఒక చెయ్యి వేసి వాల్వులు చేసి పెట్టాయి. వారం తిరిగేసరికి కార్లు మళ్ళీ తయారయ్యాయి. ముందు బేరమాడి ఎవరూ రాలేదు. తర్వాత ఐసిన్ వాళ్ళ ఖర్చులు భరించింది. ఇన్నేళ్ళూ సరఫరాదారులను తనవాళ్ళుగా చూసుకున్నందుకే ఆపదలో వాళ్ళు నిలబడ్డారు. మనవాళ్ళు చాలామంది జపాను నుంచి చీటీ తెచ్చుకున్నారు గానీ, ఆ బంధుత్వం తెచ్చుకోలేదు.

2011 భూకంపం తర్వాత టయోటా ఆవకాయ జాడీ కూడా పెట్టుకుంది. చిప్పుల వంటి ముఖ్యమైన భాగాలను నెలల తరబడి నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు మిగతావారికంటే కొన్నాళ్ళు ఎక్కువ తట్టుకోగలిగింది.

మన దగ్గరా కొంత మార్పు వచ్చింది. చిన్న పరిశ్రమల బిల్లులు ముందుగానే సొమ్ము చేసుకునే ట్రెడ్స్ వేదికలు 2017లో మొదలయ్యాయి. 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, చిన్నవాళ్ళకు గడువులోగా ఇవ్వని డబ్బును, ఇచ్చిన ఏడాది దాకా ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. చిన్నవాడు నోరు తెరిచి అడగకుండానే పెద్దవాడికి కొంచెం చురుకు తగులుతుంది.

మా బర్గూరు అన్న నిలదొక్కుకున్నారు. ఒక్క కంపెనీని నమ్ముకోకుండా ముగ్గురికి సరుకు ఇస్తున్నారు. మొన్న ఆ దారిన వెళుతూ షెడ్డులోకి తొంగి చూశాను. ఒక మూల పది రోజులకు సరిపడా ఉక్కు రేకులు పేర్చి ఉన్నాయి.

“ఇదేంటన్నా?” అన్నాను.

“ఆవకాయ సార్” అన్నారు. వదినగారి చేతికి గాజులున్నాయి.