చెయ్యి నాదే... ఎత్తించింది ఎవరు?

స్కిజోఫ్రెనియా ఉన్నవారి విచిత్రమైన మాటల వెనక సెకనులో నాలుగో వంతు కాలానికి సంబంధించిన లెక్క ఉంది.

‘‘చెయ్యి నేను ఎత్తలేదు. ఎవరో ఎత్తించారు.’’ స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి నోట ఈ మాట రాగానే ఇంట్లో రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. కావాలని నాటకాలాడుతున్నాడని ఒకరు, ఎవరో చేతబడి చేశారని ఇంకొకరు. మొదటిది తిట్లకు దారితీస్తే, రెండోది తాయెత్తుకు. మెదడు ‘ఇది నేనే చేశాను’ అని ఎలా తేల్చుకుంటుందో కొలిచిన శాస్త్రవేత్తలు మాత్రం ఆ మాటను మరోలా విన్నారు.

కుంచించుకుపోయే కాలం

2002లో లండన్‌లో ప్యాట్రిక్ హ్యాగర్డ్ బృందం ఒక ప్రయోగం చేసింది. వేగంగా తిరిగే గడియారం ముల్లును చూస్తూ, తోచినప్పుడు మీట నొక్కాలి. 250 మిల్లీసెకన్ల తర్వాత ఓ శబ్దం వస్తుంది. ఏది ఎప్పుడు జరిగిందో చెప్పమంటే, నొక్కడం అసలు కంటే సుమారు 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా, శబ్దం 46 మిల్లీసెకన్లు ముందుగా జరిగినట్టు అనిపించింది. పనీ ఫలితమూ దగ్గరకు జరిగాయన్నమాట! మెదడుకు ఇచ్చిన అయస్కాంత ప్రేరణతో వేలు దానంతటదే కదిలినప్పుడు ఆ ఎడం తగ్గకపోగా పెరిగింది. అంటే, కావాలని చేసిన పనికే ఫలితంతో ఈ ముడి పడుతోంది.

తన స్పర్శే పరాయిదైతే...

కండరాలకు ఆదేశం పంపేటప్పుడే మెదడు రాబోయే స్పర్శను అంచనా వేసుకుంటుంది. అంచనా నిజమైతే ఆ స్పర్శ మందగిస్తుంది. మనకు మనమే చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రానిది అందుకే. సారా-జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్ తదితరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, గొంతులు వినిపించే, తమను ఎవరో నడిపిస్తున్నారనిపించే రోగులకు సొంత స్పర్శా పరాయి స్పర్శా ఒకేలా తోచాయి. మనసులో అనుకున్న మాటే బయటి గొంతులా వినిపించడానికీ ఇలాంటి లోపమే కారణం కావచ్చన్నది ఫ్రిత్ వాదన.

అంచనా పోయి, అనంతరం మిగిలి

అలాంటప్పుడు రోగుల్లో పనికీ ఫలితానికీ మధ్య ముడి వదులవ్వాలి కదా? కానీ 2003లో హ్యాగర్డ్ బృందానికి అది మరింత బిగిసి కనిపించింది. ఆ చిక్కు విప్పడానికి 2010 నాటి మార్టిన్ వాస్ బృందం అధ్యయనం తోడ్పడింది. శబ్దం వచ్చే అవకాశం ఎక్కువని తెలిస్తే, అది రాని సార్లు కూడా ఆరోగ్యవంతులకు నొక్కడం అసలు కంటే ఆలస్యంగా జరిగినట్టే తోచింది. అంటే అంచనా పనిచేసింది. రోగుల్లో మాత్రం శబ్దం నిజంగా వినిపిస్తేనే అలా తోచింది. భ్రమలు, భ్రాంతులు ఎంత తీవ్రమైతే అంచనా అంత బలహీనం.

‘నేనే చేశాను’ అన్న నమ్మకం ఇలా పని తర్వాత ఏం జరిగిందన్న దాని మీదే ఆధారపడితే, అది కాకతాళీయాల పాలవుతుంది. తన చెయ్యి పరాయిది కావచ్చు. వీధిలో మోగిన హారన్‌కు తానే కారణమనీ తోచవచ్చు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు భ్రమలకూ మూలం ఒకటే కావచ్చు.

వాదన వద్దు, వైద్యం కావాలి

ఈ ప్రయోగాలు రోగ నిర్ధారణ పరీక్షలు కావు. చిన్న బృందాల సగటులు మాత్రమే. కుటుంబానికి మాత్రం ఒక దారి చూపుతాయి. ‘నువ్వే ఎత్తావు, నేను చూశాను’ అని వాదించి లాభం లేదు. మీరు చూసింది చెబుతున్నారు, అతను తనకు అనిపించింది చెబుతున్నాడు. ఆ మాట ఎప్పటి నుంచి అంటున్నాడో, నిద్ర, తిండి ఎలా మారాయో రాసుకుని సైకియాట్రిస్టుకు చెప్పండి. తగ్గిందని మందులు సొంతంగా ఆపకండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.