రేవులో లెక్క - సముద్రంలో రొయ్య

మీలో చాలామంది అంతర్వేది తీర్థానికి వెళ్ళే ఉంటారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు దగ్గరలోని పల్లిపాలెం రేవు కూడా చూడండి. పడవలు ఒడ్డుకు రాగానే రొయ్యల గంపలు దిగుతాయి, కాటా వేస్తారు, వేలం పాట మొదలవుతుంది. ఆ సందడిలో నిలబడి ఒక ప్రశ్న వేసుకోండి: సముద్రంలో ఇంకా ఎన్ని రొయ్యలు మిగిలి ఉన్నాయి?

చెరువైతే నీరు తోడి లెక్క పెట్టవచ్చు. సముద్రాన్ని తోడలేం కదా! అందుకే శాస్త్రజ్ఞులు ఒడ్డుకు వచ్చిన సరుకును లెక్కించి, నీటిలో ఉన్నదాన్ని అంచనా వేస్తారు. మన దేశంలో 1947లో ఏర్పడిన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ పని చేస్తోంది. దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. విశాఖపట్నంలోనూ ఒక కేంద్రం ఉంది.

ప్రతి రేవులో, ప్రతి పడవ దగ్గర, ప్రతి రోజూ ఒక మనిషిని నిలబెట్టడం సాధ్యం కాదు. అందుకని లాటరీ తీసినట్టు కొన్ని రేవులను, కొన్ని రోజులను, కొన్ని పడవలను ఎంచుకుంటారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తాం. ఇదీ అలాంటిదే. అయితే అడుగు మెతుకు, పై మెతుకు రెండూ చూడాలి. అంటే పెద్ద మరపడవలూ, చిన్న తెప్పలూ రెండూ లెక్కలోకి రావాలి.

మొత్తం బరువు తెలిస్తే చాలా? చాలదు! ఒకసారి రేవులో ఒక పెద్దాయనను, "రొయ్య తగ్గిందా?" అని అడిగాను. ఆయన, "తగ్గలేదండి మాస్టారూ, గంపలు అన్నే వస్తున్నాయండి. కాకపోతే మునుపు మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్ళం. ఇప్పుడు అవే గంపలకు రాత్రి కూడా వల లాగాల్సొస్తోందండి" అన్నాడు. శాస్త్రం చెప్పేదీ సరిగ్గా ఈ మాటే.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక రేవులో 10 పడవలు ఒక్కొక్కటి 6 గంటలు వల లాగి 600 కిలోల రొయ్యలు తెచ్చాయనుకోండి. మొత్తం 60 గంటలు, అంటే గంటకు 10 కిలోలు. కొన్నేళ్ళకు అక్కడే 20 పడవలు 8 గంటల చొప్పున తిరిగి 960 కిలోలు తెచ్చాయి. పట్టుబడి పెరిగిందని సంతోషిస్తాం. కానీ గంటలు 160 అయ్యాయి. గంటకు వచ్చింది 6 కిలోలే! సరుకు పెరుగుతున్నట్టు కనిపిస్తూనే సముద్రం ఖాళీ అవుతూ ఉండవచ్చన్నమాట. శ్రమతో భాగించిన ఈ పట్టుబడే అసలు కొలబద్ద.

ఈ కొలబద్ద కూడా మోసం చేయగలదు. ఇంజను శక్తి పెరిగినా, వల మారినా, సరుకున్న చోటును చూపే పరికరం వచ్చినా ఒక గంట శ్రమ పాత గంటతో సమానం కాదు. కెనడా తూర్పు తీరంలో కాడ్ చేపల విషయంలో ఇదే జరిగింది. చేపలు తగ్గిపోతున్నా, మిగిలినవి గుంపులుగా చేరడం వల్ల పెద్ద పడవల వలలు నిండుతూనే వచ్చాయి. చివరికి 1992లో అక్కడ వేట ఆపేయవలసి వచ్చింది.

అందుకే బరువుతో పాటు పొడవు కూడా కొలుస్తారు. చాలా చేపల పొలుసులపై వలయాలుంటాయి. వాటిని బట్టి వయసు చెప్పవచ్చు. రొయ్య, పీత అలా కాదు. పాము కుబుసం విడిచినట్టు పెంకు విడుస్తూ పెరుగుతాయి. పాత పెంకుతో పాటు వయసు గుర్తూ పోతుంది! కాబట్టి వందల రొయ్యల పొడవులు కొలిచి, ఏ సైజువి ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఏటేటా పెద్దవి తగ్గి చిన్నవే వస్తుంటే, ఎదగక ముందే పట్టేస్తున్నామేమోనని అనుమానించాలి.

తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు గోదావరి పాయల్లోకి, మడ అడవుల నీడలోకి వచ్చి పెరిగి, తిరిగి సముద్రం చేరతాయి. సన్నకన్ను వలతో ఆ పిల్లలను ఊడ్చేస్తే రేపు కడలిలో ఏం దొరుకుతుంది? వలకన్ను సైజు పైనా, వేట కాలం పైనా నిబంధనలు అందుకే. 2015 నుంచి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవ కదలకపోతే ఇల్లు గడవడం ఎంత కష్టమో రేవులో వాళ్ళకే తెలుసు. అంత త్యాగం అడిగేటప్పుడు దాని వెనుక లెక్క సరైనదై ఉండాలి. పట్టుబడి దాచి తక్కువ చెప్పినా, అంచనాగా ఎక్కువ రాసినా చివరికి నష్టపోయేది వేటనే నమ్ముకున్న ఆ ఇళ్ళే.

మీరూ ఒక ప్రయోగం చేయండి. ఇంటికి రొయ్యలు తెచ్చినప్పుడల్లా ఒక ఇరవైటి పొడవు స్కేలుతో కొలిచి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి. అమ్మకు వంటకు ఆలస్యం చేయకండి సుమా! ఏడాది తర్వాత ఒకే నెలల అంకెలను పోల్చి చూడండి. సముద్రం లోపలి కబురు కొంచెం మీకూ వినిపిస్తుంది.