పాదముల చెంతకు దిగివచ్చిన పరిచర్య

ప్రతి సంవత్సరం పరిశుద్ధ గురువారం నాడు మన ప్రాంతపు దేవాలయాలలో పన్నెండుమందిని వరుసగా కూర్చుండబెట్టి గురువులు వారి పాదములు కడుగుతారు. కూర్చున్నవారు ఇంటివద్దనే సబ్బుతో రుద్ది కడుక్కుని వచ్చి ఉంటారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆచారంగా అది భక్తిని కలిగించేదే, కాదనలేము. కాని యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు ప్రభువు ముట్టిన పాదములు అటువంటివి కావు. దుమ్ముబాటలలో తోలుచెప్పులతో నడిచి వచ్చినవి. వాటిని కడగడం ఆ కాలంలో ఇంటిలోని అందరికన్న చిన్న సేవకుని పని. గురువే ఆ పనికి పూనుకొనడం చూచి పేతురు అడ్డుపడ్డాడు. ప్రభువు మానలేదు సరికదా, మీరును ఒకరికొకరు ఇట్లే చేయవలెనని శిష్యులకు ఆజ్ఞాపించారు.

ఆ ఆజ్ఞను దేవాలయపు గోడల వెలుపల, నిజంగా గాయపడిన పాదముల వద్ద పాటించిన చోటు ఒకటి మన సరిహద్దుకు అతి సమీపంలోనే ఉన్నది. చిత్తూరు నుండి బస్సెక్కినవారికీ, కాట్పాడి స్టేషనులో దిగినవారికీ 'రాయవేలూరు ఆసుపత్రి' కొత్తది కాదు. వైద్యం కోసం అక్కడికి వెళ్లి రాని తెలుగు కుటుంబం ఈ పరిసరాలలో అరుదు. దాని పుట్టుక కథ పెక్కుమంది విన్నదే. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను కాపాడమని యువతి అయిన ఐడా స్కడర్‌ను అర్థించారు. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. పురుష వైద్యుని లోనికి రానిచ్చే ఆచారం వారికి లేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ మరణించారు. ఆమె అమెరికాలో వైద్యం చదివి 1900లో తిరిగివచ్చి వేలూరులో చికిత్స ప్రారంభించారు. 1918లో స్త్రీలకు వైద్య విద్యాలయం నెలకొల్పారు. నేటి క్రైస్తవ వైద్య కళాశాల అదే. సేవ పొందగోరక సేవ చేయడమే తమ పని అన్న భావం గల ఆ సంస్థ ధ్యేయవాక్యం మార్కు సువార్త నుండి తీసుకున్నది.

అయితే ఆ వాక్యానికి కఠినమైన పరీక్ష కుష్ఠురోగుల విషయంలో ఎదురైంది. మన పల్లెలలో 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి పలికే జబ్బు ఇది. కొల్లిమలలో మిషనరీ దంపతులకు జన్మించిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో శస్త్రవైద్యునిగా వేలూరు వచ్చారు. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమాన్ని చూడబోయి అక్కడివారి వంకరపోయిన చేతులను పరిశీలించారు. వ్రేళ్లు ముడుచుకుపోయినా ముంజేతి కండరాలలో బలం మిగిలే ఉన్నదని గ్రహించారు. ఆ బలాన్ని స్నాయువుల మార్పిడి ద్వారా వ్రేళ్లకు అందించవచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఈ రోగులను చేర్చుకుంటే ఇతర రోగులు పారిపోతారన్న భయం క్రైస్తవ ఆసుపత్రిలోనూ మొదట లేకపోలేదు. విశ్వాసం ఉన్నచోట భయం ఉండదని అనుకొనడం పొరపాటు.

చేతులు బాగుపడ్డాయి. పాదములు మాత్రం అంత సులభంగా లొంగలేదు. మందులతో క్రిములు నశించిన తరువాత కూడా అరికాళ్లలో పుండ్లు పడుతూనే ఉండేవి. వ్రేళ్లు పొట్టివౌతూ ఉండేవి. ఈ రోగంలో మాంసం తనంతట తానే కుళ్లిపోతుందని అప్పటి నమ్మకం. బ్రాండ్ బృందం దానిని నమ్మి ఊరకుండక, రోగుల దైనందిన జీవితాన్ని గమనించసాగింది. తుప్పుపట్టిన తాళాన్ని ఒక బాలుడు అతిసునాయాసంగా తిప్పాడు. చూడగా వ్రేలు ఎముకదాకా తెగి ఉన్నది, వానికి తెలియనే లేదు. రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వ్రేలికొన తెల్లవారేసరికి లేకపోవడం కొందరికి అంతుబట్టలేదు. కాపు కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి! అటుపై ఇంటికి వెళ్లే రోగికి ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపారట.

అసలు కారణం నొప్పి తెలియకపోవడమే. కుష్ఠు క్రిమి నరములను దెబ్బతీస్తుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులోని మేకు దిగినా, వేడిపాత్ర కాలినా తెలియదు. మనము కుంటుతూ పాదానికి విశ్రాంతినిస్తాము. వారు అదే పుండు మీద మైళ్లు నడుస్తారు. కనుక వారికి ముందుగా కావలసినది మెత్తని చెప్పులు. ఎన్నో పదార్థాలతో ప్రయత్నించిన మీదట మైక్రోసెల్యులార్ రబ్బరు అడుగుతో, మేకులు లేకుండా చెప్పులు తయారుచేశారు. ఇందుకోసం శస్త్రవైద్యులు చెప్పులు కుట్టేవారి పక్కన కూర్చొని ఆ పని నేర్చుకున్నారు. కుల భేదాలు పాతుకుపోయిన మన సీమలో దీని బరువెంతో పాఠకులకు వివరించనక్కరలేదు. 1955లో కాట్పాడి సమీపాన కరిగిరిలో కుష్ఠు పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడి ఈ పనిని విస్తరింపజేసింది.

ఈ కథలో మరొకరిని తలచుకొనక తప్పదు. డాక్టర్ మేరీ వర్గీస్ వేలూరులో యువ వైద్యురాలు. 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చొనియే కుష్ఠురోగుల చేతులకు ఆమె శస్త్రచికిత్సలు చేశారు. తరువాత పునరావాస వైద్యవిభాగాన్ని ఏర్పరిచారు. జాలి చూపించవలసిన వ్యక్తే వైద్యం చేస్తున్నప్పుడు రోగి మనసులో ఏమి మెదిలేదో ఊహించవచ్చు.

మన సంఘాలకు ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన ప్రసంగవేదికలపై 'పాపమనే కుష్ఠు' అన్న పోలిక నేటికీ వినబడుతుంది. బైబిలులో ఆ పేరుతో చెప్పబడినది పలు చర్మవ్యాధులకు వర్తించే మాట, కేవలం నేటి కుష్ఠు కాదు. ఆ పోలిక వింటూ వెనుక వరుసలో చేతులు కొంగుచాటున దాచుకున్న స్త్రీ ఉండవచ్చునని బోధకులు ఆలోచించరా? క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో సైతం ఈ రోగం విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో చేసిన సవరణతో అది తొలగింది. చట్టం మారింది గాని, సంబంధాలు కుదుర్చుకునే వేళ మన ఇళ్లలో మాట్లాడే తీరు అంతగా మారలేదు.

2005 చివరికి ఈ వ్యాధి జాతీయ స్థాయిలో ప్రజారోగ్య సమస్యగా నిర్మూలింపబడినట్లు ప్రకటించారు. దానర్థం రోగం లేదని కాదు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసులలో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే. ఇది వంశపారంపర్యం కాదు. చికిత్స తీసుకోని రోగితో దీర్ఘకాలం దగ్గరగా మెలిగితేనే ప్రధానంగా సోకుతుంది. అప్పటికీ అత్యధికుల శరీరాలు దానిని తట్టుకోగలవు. పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చమీద స్పర్శ లేకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. మందులు ఉచితం. రోగపు తీరును బట్టి ఆరు లేదా పన్నెండు నెలలు వాడాలి. తొందరగా మొదలుపెడితే అంగవైకల్యం రాదు. దాచిపెట్టినవారికే ఎక్కువగా వస్తుంది.

ఇదివరకే స్పర్శ పోయినవారికి నరములు చాలావరకు తిరిగి రావు. అట్టివారు ప్రతిదినం పాదములను సుమారు ఇరవై నిమిషాలు మామూలు నీటిలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకురాతితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. నీరు వేడిగా ఉన్నదో లేదో స్పర్శ ఉన్నవారు చూచి చెప్పాలి. చెప్పులు తొడిగే ముందు లోపల రాయి, మేకు ఉన్నదేమో తడిమి చూడాలి. మధుమేహంతో అరికాళ్ల స్పర్శ తగ్గినవారు మాత్రం నానబెట్టడం, రుద్దడం వైద్యుని అడగకుండా చేయరాదు. తక్కిన జాగ్రత్తలన్నీ వారికీ వర్తిస్తాయి. ఆ సంఖ్య మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

తన అరికాలు తానే చూచుకొనడం వృద్ధులకు కష్టం, చూపు మందగిస్తే మరీ కష్టం. రాత్రి భోజనమైన తరువాత దీపం దగ్గరగా పెట్టుకొని కోడలో, మనుమడో ఆ పాదాన్ని ఒడిలోకి తీసుకొని, వ్రేళ్ల సందులు విడదీసి చూడాలి. ఎరుపు, వాపు, బొబ్బ, పగులు ఏది కనిపించినా మరునాడు నడక మాన్పించి ఆరోగ్య కార్యకర్తకు చూపించాలి.