సి. కే. వాట్ అంటే ఎవరు?

ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో వదిలేసిన ముచ్చట ఇది. ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది, ముందు ఇది చదవండి.

'ఫాల్టీ టవర్స్' బీబీసీ వాళ్ళ కామెడీ. 1975లో 6 భాగాలు, 1979లో 6, మొత్తం కలిపి పన్నెండే. రాసింది జాన్ క్లీజ్, కానీ బూత్. ఇంగ్లండ్‌లో టార్కీ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక చిన్న హోటల్. ఓనరు బేసిల్‌కి నోటి దురుసు. వెయిటర్ మాన్యుయెల్ స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి పనికొచ్చినవాడు, ఇంగ్లీషు అంతంత మాత్రం. మనలో హోటల్ పని చేసినవాళ్ళకి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు.

మొదటి భాగంలోనే ఒక జోకు ఉంది. మాన్యుయెల్ టిఫిన్ ట్రేలు పట్టుకెళ్తుంటే, ఆ ట్రేలలో వెన్న ఎక్కువైంది అంటాడు బేసిల్. ఇంగ్లీషులో ఆ మాట చివర 'ఆన్ దోజ్ ట్రేస్' అని వస్తుంది. స్పానిష్‌లో ఒకటి, రెండు, మూడు అంటే 'ఊనో, దోస్, త్రేస్'. మాన్యుయెల్‌కి ఏం వినబడిందంటే, మా సారు స్పానిష్ అంకెలు తప్పుగా పలుకుతున్నాడని! పాపం ఎంతో మర్యాదగా సరిదిద్దుతాడు.

ఇక్కడ మాన్యుయెల్ తెలివితక్కువవాడు కాదు, అది గమనించండి. తన భాషలో తను నూటికి నూరు పాళ్ళు కరెక్టు. బేసిల్ కూడా తన భాషలో కరెక్టే. ఒకే శబ్దం రెండు భాషల్లో రెండు దారులు పట్టింది. రెండు దారులూ కనబడుతున్నది చూసేవాళ్ళకి మాత్రమే. అప్పట్లో బ్రిటిష్ జనం సెలవులకి స్పెయిన్ బాగా వెళ్ళేవాళ్ళు, ఆ మూడు అంకెలు చాలామందికి తెలుసు. అవి తెలియకపోతే జోకు లేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇలాంటిది ఒకటి చేసి చూపిస్తాను. ఊళ్ళో రెండు లక్షలు అప్పు చేసి వచ్చిన కొత్త కుర్రాడు ఆఫీసుకెళ్ళి జీతం అడిగాడనుకోండి. అక్కడ కూర్చున్నాయన "ఫులూస్ మాఫీ" అన్నాడు. వీడు బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు: "అమ్మా, మనది మాఫీ అయిపోయిందట!"

మీరు నవ్వారు, ఎందుకంటే ఇక్కడి 'మాఫీ' అంటే 'లేదు' అని మీకు తెలుసు, ఊళ్ళో రుణమాఫీ సంగతీ తెలుసు. మీ అమ్మగారికి ఇదే చెప్పండి, నవ్వు రాదు. ముందు అర్థం వివరించి తర్వాత చెప్పినా రాదు. రెండు అర్థాలూ వినేవాళ్ళ దగ్గర ముందే ఉండాలి, మాట మాత్రం చివర్న పడాలి. ఈ జోకులో నవ్వుతో పాటు కడుపులో కొంచెం కలుక్కుమనేది కూడా ఉంది. అది ఆ రెండు లక్షల వల్ల.

1979 భాగాల్లో ఇంకా గట్టిది ఉంది. చెవుడున్న ఒక పెద్దావిడ హోటల్‌కి వచ్చి మాన్యుయెల్‌ని ఏదో అడుగుతుంది. అతనికి అర్థంకాక "కే?" అంటాడు, స్పానిష్‌లో 'ఏంటి?' అని. ఆవిడకది ఇంగ్లీషు అక్షరం 'కే'. అతను "సీ" అంటాడు, అంటే 'అవును'. ఆవిడకది 'సి'. పాపం అతనే అనువదించి "వాట్" అంటాడు. ఆవిడ అదొక ఇంటిపేరు అనుకుంటుంది. చివరికి సి. కే. వాట్ అనే మనిషి ఒకడు పుట్టుకొస్తాడు, మేనేజరు అతనేనా అని అడుగుతుంది!

రాసేవాళ్ళ అసలు పనితనం శబ్దాలు వెతకడంలో లేదని నా అభిప్రాయం. ఎవరో ఒకరు "ఆగు, నువ్వనేది ఏంటి?" అని నిదానంగా అడిగితే సీను అక్కడే అయిపోతుంది. అడగనీయకుండా ఆపాలి. ఆవిడని చెవుడూ అహంకారమూ ఆపుతాయి. బేసిల్‌ని కోపం ఆపుతుంది, పైగా తనకి స్పానిష్ వచ్చని గొప్పలు. మాన్యుయెల్‌ని ఆపేది భయం. మళ్ళీ అడిగితే దెబ్బ పడుతుంది. సైట్‌లో ఫోర్‌మన్ చెప్పింది అర్థంకాకపోయినా "యస్ సార్" అనేసే మన అలవాటు ఎక్కడిదో మీకు వేరే చెప్పాలా? క్రేన్ కింద నిలబడ్డప్పుడు అది జోకు కాదు.

అందుకే బేసిల్ అతన్ని గరిటెతో కొట్టే చోట్ల నాకు నవ్వు రాదు. ప్రతిదానికీ "వాడు బార్సిలోనా వాడండీ" అని అతిథులకి సర్దిచెప్పడం కూడా మొదట్లో బాగుంటుంది, తర్వాత చవకబారుగా తోస్తుంది. 1977లో ఐటీవీలో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో ఈ చవకతనం ఇంకా ఎక్కువ. లండన్‌లో రాత్రి బడిలో ఇంగ్లీషు నేర్చుకునే విదేశీయులు అందరూ. మాటల గారడీ కొన్నిచోట్ల బ్రహ్మాండం. కానీ సగం జోకులకి మాటతో పనిలేదు, ఫలానా దేశంవాడు ఇంతే అన్నదే జోకు. మన తెలుగు సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాసని రౌడీకి, శ్రీకాకుళం యాసని పనివాడికి ఇచ్చి నవ్వించారే, అదే బాపతు. యాసలో జోకు ఉండటం వేరు, యాసే జోకు కావడం వేరు.

మాన్యుయెల్ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ పుట్టింది బెర్లిన్‌లో. నాజీల భయానికి కుటుంబం ఇంగ్లండ్ చేరింది. కొత్త దేశంలో కొత్త భాష చెవిన పడటం ఎలా ఉంటుందో అతనికి చిన్నప్పుడే తెలుసు.

ఈ సీరియల్‌ని స్పెయిన్‌లో డబ్ చేసినప్పుడు ఒక చిక్కొచ్చింది. అక్కడ స్పెయిన్ వెయిటర్‌ని చూసి ఎవరు నవ్వుతారు? మాన్యుయెల్‌ని ఇటలీ వాడిగా మార్చేశారు. బార్సిలోనా ఉండే కాటలోనియాలో, వాళ్ళ భాషలో చేసిన డబ్బింగులో, అతను మెక్సికో వాడయ్యాడు.