వకీలు గారింట్లో నిద్ర పట్టని రాత్రి

అర్ధరాత్రి లేచి కేసు కట్టలు విప్పే భర్తనో, కూతుర్నో చూసి మీరు కంగారుపడే ఉంటారు. నేనూ వకీలునే. ఆ భయం ఓడిపోతామని కాదమ్మా, గడువు దాటిపోయిందేమోనని! 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సివిల్ డిక్రీపై అప్పీలు జిల్లా కోర్టులో 30 రోజుల్లో, హైకోర్టులో 90 రోజుల్లో వేయాలి. నకలు తీసుకోవడానికి పట్టే రోజులు మినహాయిస్తారు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు కూడా. ఇవన్నీ తెలిసినా దడ తగ్గదు. ఓసారి ఆఖరి రోజు రేపేనని రాత్రి రెండింటికి గుర్తొచ్చి, తెల్లారేదాకా కూర్చుని అప్పీలు రాశాను. అప్పట్నించీ గడువు తేదీని వారం ముందుకు జరిపి నా డైరీలో, గుమస్తా పుస్తకంలో రెండుచోట్లా రాస్తున్నాం. రాత్రి అనుమానమొస్తే చీటీ మీద రాసి పడుకుంటాను. మీరు మాత్రం కేసు వివరాలు గుచ్చి గుచ్చి అడక్కండి. కక్షిదారు రహస్యం ఇంట్లోనూ చెప్పకూడదు. కాసిని మజ్జిగ ఇచ్చి, దీపం తీసేయమనండి.