ఆపరేషన్ వీడియోలో ఏది ఉంచాలి?

పిత్తాశయంలో రాళ్లుంటే ఇప్పుడు పొట్ట పెద్దగా కోయడం అరుదు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, కెమెరా ఉన్న స్కోపును లోపలికి పంపి, తెర మీద చూస్తూ పిత్తాశయాన్ని తీసేస్తారు. జర్మనీలో ఎరిష్ మ్యూహె 1985లో, ఫ్రాన్సులోని లియాన్‌లో ఫిలిప్ మూరే 1987లో ఈ దారి తెరిచారు. 1990లో ముంబైలో డాక్టర్ ఉద్వాడియా దీన్ని మన దేశానికి తెచ్చారు. ఓపెన్ సర్జరీ రోజుల్లో ప్రొఫెసరు భుజం మీదుగా ఎంత తొంగిచూసినా పీజీ విద్యార్థికి సగం కనిపించేది కాదు. లాపరోస్కోపీ అనే ఈ పద్ధతిలో సర్జన్ చూసేదీ తెరనే. ఆ తెర మీదిదంతా రికార్డు అవుతుంది, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

కానీ గంట రికార్డింగును ఎవరూ కూర్చుని చూడరు. దాన్ని పది నిమిషాలకు కుదించాలి. మసకబారిన లెన్సు తుడవడానికి స్కోపును బయటికి తీసిన క్షణాలు, పొగ పీల్చేదాకా ఆగిన క్షణాలు, పనిముట్లు మార్చుకోవడం ఇవన్నీ నిస్సంకోచంగా తీసేయవచ్చు. తేల్చుకోవలసింది మిగతా భాగం గురించి. అందంగా కనిపించాలనే కోరికతో కత్తిరిస్తే, పోయేది చాలాసార్లు అసలు పాఠమే.

ఈ ఆపరేషన్‌లో ప్రమాదమంతా పిత్తాశయం మెడ దగ్గర, కాలో త్రికోణం అనే చిన్న చోట ఉంటుంది. పిత్తాశయం నుంచి వచ్చే సన్నని సిస్టిక్ డక్టును, దాని ధమనిని క్లిప్పులు వేసి కత్తిరించాలి. పక్కనే కాలేయం నుంచి పేగుకు పైత్యరసం మోసే ప్రధాన పిత్తనాళం ఉంటుంది. పిత్తాశయాన్ని పట్టి పైకి లాగినప్పుడు ఈ రెండు నాళాలూ ఒకే వరుసలోకి వచ్చి, ప్రధాన నాళమే సిస్టిక్ డక్టులా కనిపించవచ్చు. దాన్ని కత్తిరిస్తే రోగికి మళ్లీ పెద్ద ఆపరేషన్లు తప్పకపోవచ్చు, ఏళ్ల తరబడి బాధ ఉండవచ్చు. కాలిఫోర్నియా పరిశోధకులు ఇలాంటి 252 గాయాలను విశ్లేషించి 2003లో ప్రచురించారు. వాటిలో 97 శాతానికి మూలం చూపు భ్రమ పడడమేనని తేల్చారు. చేతి నేర్పు లోపించి జరిగినవి చాలా తక్కువ. అందుకే సర్జరీ శిక్షణలో కంటికి శిక్షణ ఇంత ముఖ్యం, దానికి వీడియో కన్నా మంచి సాధనం నాకు తెలియదు.

ఈ భ్రమకు విరుగుడుగా స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం 1995లో 'క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ' అనే నియమాన్ని చెప్పింది. త్రికోణంలోని కొవ్వు, పొరలు పూర్తిగా తొలగాలి. పిత్తాశయం కింది భాగం కాలేయం నుంచి విడివడి, వెనక కాలేయం కనిపించాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండని తేలాలి. ఈ మూడూ కుదిరేదాకా క్లిప్పు వేయకూడదు.

ఎడిటరు చాలాసార్లు ఇక్కడే పొరపడతాడు. కొవ్వును కొంచెం కొంచెంగా ఒలుస్తున్న ఇరవై నిమిషాలు విసుగనిపించి, ఒక్క కట్‌తో శుభ్రమైన నాళాలను చూపిస్తాడు. చూసిన కుర్రవాడికి శరీరం లోపల అంతా అలా విడివిడిగానే ఉంటుందనిపిస్తుంది. నా మటుకు ఈ భాగాన్ని కుదించినా, ఉంచినంత మేర అసలు వేగంతోనే ఉంచాలి. వేగం పెంచితే కణజాలాన్ని ఎంత మృదువుగా లాగారో తెలియకుండా పోతుంది. పిత్తాశయాన్ని కాలేయం నుంచి ఊడదీసే చివరి ఘట్టాన్ని నాలుగు రెట్ల వేగంతో చూపినా నష్టం లేదు, ఆ సంగతి తెర మూల రాస్తే చాలు.

క్లిప్పు వేసే ముందు బొమ్మను ఆపాలి. త్రికోణాన్ని ముందు నుంచీ వెనక నుంచీ చూపాలి. బాణం గుర్తులూ పేర్లూ వెంటనే పెట్టకూడదు. కొన్ని క్షణాలు ఖాళీగా వదిలి, ఏది ఏమిటో విద్యార్థి తనే తేల్చుకున్నాక పెట్టాలి. ముందే బాణం పెడితే కన్ను బాణాన్నే చూస్తుంది.

రక్తస్రావాన్నీ ఉంచాలి. పేరున్న సర్జన్లు కొందరు దాన్ని దాచేస్తారు. అప్పుడు తెరంతా ఎర్రబడడాన్ని విద్యార్థి మొదటిసారి థియేటర్‌లోనే చూస్తాడు, కంగారులో గుడ్డిగా క్లిప్పు వేస్తాడు. ముందు గాజ్ గుడ్డతో నొక్కిపట్టి, రక్తాన్ని పీల్చి, మూలం కనిపించాకే క్లిప్పు వేసే ఆ రెండు నిమిషాలను ఎంత పొడవైనా ఉంచాల్సిందే. త్రికోణం విడివడనంతగా వాపు, అతుకులు ఉంటే సర్జన్ ఆగిపోయి, పిత్తాశయంలో కొంత భాగం వదిలేసి బయటపడతాడు. ఆ నిర్ణయం కూడా వీడియోలో కనిపించాలి.

వీడియో ఎంత చెప్పగలదో మిషిగన్‌లో ఊబకాయ శస్త్రచికిత్సల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇరవై మంది సర్జన్లు తమకు నచ్చిన ఒక్కో వీడియో ఇచ్చారు. తోటి సర్జన్లు ఎవరిదో తెలియకుండా మార్కులు వేశారు. అట్టడుగు మార్కులు వచ్చిన సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి, పై మార్కులు వచ్చిన సర్జన్ల రోగుల్లో 5.2 శాతం మందికి సమస్యలు వచ్చాయి. తామే ఎంచి ఇచ్చిన వీడియోలో కూడా చేతి తీరు దాగలేదు.

ఇక ఆ వీడియోలో ఉన్నది ఒక మనిషి శరీరం. బోధనకు వాడుకోవడానికి విడిగా సమ్మతి తీసుకోవాలి. తెర అంచున ఉన్న పేరు, నంబరు, తేదీ చెరిపేయాలి. స్కోపు బయటికి వచ్చినప్పుడు ముఖాలు పడిన ఫ్రేములు, థియేటర్‌లోని మాటలు, ఫైలు పేరులో మిగిలిన వివరాలు అన్నీ వెతికి తీసేయాలి. లాపరోస్కోపీ బోధనా వీడియోల కోసం 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు రోగి వివరాల గోప్యతతో పాటు, ఆపరేషన్ తర్వాత రోగి ఎలా ఉన్నారో కూడా చెప్పమంటాయి. ఎప్పుడు ఇంటికి వెళ్లారు, పైత్యరసం కారిందా, మళ్లీ ఆసుపత్రికి రావలసి వచ్చిందా అన్నవి చివరి తెర మీద రెండు వాక్యాల్లో రాయవచ్చు.